ఫోన్‌కు మాట్లాడటం నేర్పాం, వినడం ఎప్పుడు నేర్పుతాం?

గౌరవనీయులైన సంపాదకులకు నమస్కారములు.

తల్లీబిడ్డల ఆరోగ్య సేవలకు మొబైల్ ఫోన్ ఎలా తోడ్పడుతోందన్న విషయంపై పత్రికల్లో తరచూ వార్తలు, వ్యాసాలు వస్తున్నాయి. వాటిలో చాలా భాగం ఇన్ని లక్షల మంది గర్భిణులకు ఇన్ని కోట్ల సందేశాలు పంపామన్న లెక్కతో మొదలై ఆ లెక్కతోనే ముగుస్తున్నాయి. 20 ఏళ్లకు పైగా ప్రసూతి వార్డుల్లో నర్సుగా పనిచేసి పదవీ విరమణ చేసిన నాకు అలాంటి లెక్క కనబడినప్పుడల్లా ఒక తల్లి గుర్తుకొస్తుంది.

ఆమెకు ఎనిమిదో నెలలో బీపీ అదుపు తప్పింది. బిడ్డ కడుపులోనే చనిపోయింది. ఆ తరువాత మూడు నెలలకు బీపీ చూపించుకోవడానికి వచ్చి నా బల్ల ఎదురుగా కూర్చున్నప్పుడు ఆమె చేతిలోని ఫోన్ మోగింది. రికార్డు చేసిన గొంతు ఒకటి, ఎంతో ఆప్యాయంగా, "మీ బిడ్డకు ఆరు వారాలు నిండాయి, టీకాలు వేయించే సమయం వచ్చింది" అంటూ మొదలుపెట్టింది. ఆమె ఫోన్ పెట్టేయలేదు. చివరిదాకా విని, "ప్రతి వారం ఇంతే సిస్టర్, ఆపమని ఎవరికి చెప్పాలో తెలియడం లేదు" అంది. ఆఖరి నెలసరి తేదీని బట్టి కాన్పు తేదీని లెక్కకట్టుకున్న కంప్యూటర్ దృష్టిలో ఆ తేదీకి బిడ్డ పుట్టేసింది, పెరుగుతోంది కూడా. కాల్ వచ్చిన నంబరుకు నేనే తిరిగి ఫోన్ చేశాను. ఆ నంబరుకు కాల్ చేయడం కుదరదన్న ప్రకటన వినిపించింది.

ఈ ఉత్తరం రాయడానికి కారణం ఆ ప్రకటనే. ఫోన్ ద్వారా తల్లులకు సలహాలు చెప్పే పథకాలను నేను వ్యతిరేకించడం లేదు. వాటి వల్ల మేలు జరగడం నా కళ్లతో చూశాను. అయితే తల్లికి చెప్పే దారిని ఎంత శ్రద్ధగా వేశామో, తల్లి తిరిగి చెప్పే దారిని, ఆ చెప్పింది విని కదిలే మనిషిని అంత శ్రద్ధగా ఏర్పాటు చేయలేదన్నది నా ఫిర్యాదు.

అసలు ఫోన్ చేయగలిగిందేమిటో, చేయలేనిదేమిటో ముందుగా తేల్చుకోవాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2023లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 2,60,000 మంది మహిళలు గర్భధారణకు, ప్రసవానికి సంబంధించిన కారణాలతో మరణించారు. అంటే రోజుకు 700 మందికి పైగా. పుట్టిన 28 రోజుల్లోపు కన్నుమూసిన శిశువులు 2022లో సుమారు 23 లక్షలు. తల్లుల మరణాల్లో 90 శాతానికి పైగా పేద, దిగువ మధ్యాదాయ దేశాల్లోనే సంభవిస్తున్నాయి. కాన్పు తరువాతి రక్తస్రావం, అధిక రక్తపోటు వల్ల వచ్చే ఫిట్స్, ఇన్‌ఫెక్షన్లు, సురక్షితం కాని గర్భస్రావాలు వీటిలో ముఖ్య కారణాలు. ఇవేవీ వైద్యానికి అంతుపట్టని జబ్బులు కావు. వీటికి మందులున్నాయి, పద్ధతులున్నాయి. లేనిదల్లా సమయం.

ఆ సమయం ఎక్కడ జారిపోతోందో 1994లో సెరీన్ థాడియస్, డెబొరా మెయిన్ అనే ఇద్దరు పరిశోధకులు మూడు ఆలస్యాలుగా విడదీసి చూపారు. ఆస్పత్రికి వెళ్లాలన్న నిర్ణయం తీసుకోవడంలో మొదటి ఆలస్యం, ఆస్పత్రికి చేరడంలో రెండోది, చేరాక తగిన వైద్యం అందడంలో మూడోది. ప్రసూతి వార్డులో పనిచేసిన వారెవరికైనా ఈ మూడూ ముఖపరిచయం ఉన్నవే. తలనొప్పి, కళ్లు మసకబారడం, ముఖం, చేతులు వాయడం మామూలే అనుకుని రెండు రోజులు ఇంట్లో ఉండిపోయిన గర్భిణి మొదటి ఆలస్యం. అర్ధరాత్రి వాహనం దొరక్క తెల్లవారుజామున స్ట్రెచర్ మీద వచ్చిన గర్భిణి రెండోది. వచ్చాక మత్తు డాక్టరు కోసం, సరిపడే గ్రూపు రక్తం కోసం ఎదురుచూసే గర్భిణి మూడోది.

ఇప్పుడు నడుస్తున్న పథకాల్లో ఎక్కువ భాగం తమ బలాన్నంతా మొదటి ఆలస్యం మీదే పెడుతున్నాయి. అది తప్పు కాదు. కానీ ఆ ఒక్క ఆలస్యాన్నైనా సలహా చెప్పి తప్పుకుంటే తగ్గించలేం. ఒక చిన్న ఉదాహరణ చెబుతాను. "రక్తస్రావం ఎక్కువగా ఉంటే వెంటనే ఆస్పత్రికి వెళ్లండి" అన్న సందేశం వినడానికి బాగానే ఉంటుంది. తొలి కాన్పు అయిన అమ్మాయికి ఎంతైతే ఎక్కువో ఎలా తెలుస్తుంది? కాన్పు తరువాత 20 నుంచి 30 నిమిషాల్లో రెండు మూడు ప్యాడ్లు పూర్తిగా తడిసిపోతే అది ప్రమాదమని చెబితే ఆమె లెక్కపెట్టుకోగలదు, పక్కనున్నవాళ్లకు చూపించగలదు, ఇంకాసేపు చూద్దామనే వాళ్ల నోరు మూయించగలదు. అలా చెప్పినా ఆమెకు మరో ప్రశ్న మిగిలే ఉంటుంది, "నాకు ఇప్పుడు అవుతున్నది అదేనా?" అని. రికార్డు చేసిన గొంతు దానికి జవాబు చెప్పలేదు.

ఈ తేడా ఎంత దూరం తీసుకుపోతుందో టాంజానియాలోని జాంజిబార్‌లో జరిగిన అధ్యయనం ఒకటి చూపించింది. 2009, 2010 సంవత్సరాల్లో అక్కడి 24 ఆరోగ్య కేంద్రాల పరిధిలో 2,550 మంది గర్భిణులను రెండు వర్గాలుగా చేసి, ఒక వర్గానికి నెలలను బట్టి ఎస్ఎంఎస్‌లు పంపడంతో పాటు, తామే ఆరోగ్య సిబ్బందికి ఫోన్ చేసి మాట్లాడేందుకు వీలుగా కాల్ వోచర్లు కూడా ఇచ్చారు. ఈ వర్గంలో నాలుగు లేదా అంతకంటే ఎక్కువ సార్లు గర్భిణీ పరీక్షలకు వచ్చినవారు 44 శాతం కాగా, మామూలు సేవలు మాత్రమే అందుకున్న వర్గంలో 31 శాతమే. శిక్షణ పొందినవారి చేతుల మీదుగా కాన్పు జరగడంలో మాత్రం పట్టణ మహిళలకే స్పష్టమైన మేలు కనిపించింది. పల్లె మహిళల విషయంలో అలాంటి మార్పు రాలేదు. ఈ ఫలితాన్ని నేనైతే ఇలా అర్థం చేసుకుంటాను. పరీక్షకు రావాలన్న మాట ఫోన్‌లో చెబితే సరిపోయింది. నొప్పులు మొదలయ్యాక ఆస్పత్రికి చేరడానికి దారి, బండి కావలసి వచ్చాయి.

మన దేశంలో 2016లో మొదలైన కిల్కారి పథకం ఇలాంటి వాటిలో ప్రపంచంలోనే పెద్దది. గర్భం నాలుగో నెల నుంచి బిడ్డకు ఏడాది నిండే వరకు వారానికొకటి చొప్పున 72 కాల్స్ వస్తాయి. చదువు రానివారికి కూడా అందేలా రాతకు బదులు గొంతును ఎంచుకోవడం మంచి ఆలోచన. మధ్యప్రదేశ్‌లో సుమారు 5,000 మంది మహిళలతో దీనిపై శాస్త్రీయంగా జరిపిన అధ్యయనం ఫలితాలు 2022లో వెలువడ్డాయి. తాత్కాలిక గర్భనిరోధక పద్ధతుల వాడకం కొద్దిగా పెరిగిందని, బిడ్డకు తల్లిపాలు మాత్రమే పట్టే అలవాటులో మాత్రం తేడా రాలేదని అందులో తేలింది. ఈ రెండో సంగతి నాకు ఆశ్చర్యం కలిగించలేదు. ఆరు నెలల వరకు తల్లిపాలే పట్టాలని తెలియని తల్లి నా అనుభవంలో చాలా అరుదు. పాలు చాలడం లేదన్న భయం, చనుమొన పగిలి నొప్పి, బిడ్డను పట్టుకోవడం సరిగా కుదరకపోవడం, పక్కనుంచి పోతపాలు పట్టమని ఒత్తిడి, ఇవీ అసలు అడ్డంకులు. పక్కన కూర్చుని బిడ్డ నోరు పెద్దగా తెరిచినప్పుడు చనుమొన చుట్టూ ఉన్న నల్లని భాగం కూడా నోట్లోకి వెళ్లేలా ఎలా పట్టుకోవాలో ఒక్కసారి చేయి పట్టి చూపిస్తే పదిహేను నిమిషాల్లో తీరే సమస్య, వారం వారం చెప్పినా తీరదు. ఆ తల్లి ఫోన్ తీసి, "పాలు పట్టలేకపోతున్నాను" అని చెప్పగలిగితే, మరుసటి రోజు ఆరోగ్య కార్యకర్త ఆ ఇంటి తలుపు తడితే, అప్పుడు ఫోన్ తన పని తాను చేసినట్టు.

ఇక ఆ ఫోన్ ఎవరిదన్న ప్రశ్న. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో తాము స్వయంగా వాడుకునే మొబైల్ ఫోన్ ఉన్న మహిళలు 54 శాతం. పల్లెల్లో సగానికి తక్కువ. గర్భిణి పేరు నమోదు చేసేటప్పుడు ఇచ్చే నంబరు చాలాసార్లు భర్తది. పొద్దున అతనితో పాటే పనికి వెళ్లే ఫోన్‌కు మధ్యాహ్నం వచ్చే కాల్ ఆమె చెవిన పడే అవకాశం ఎంత? సాయంత్రం అతను ఇంటికొచ్చి, ఏదో కంపెనీ కాల్ అనుకుని కట్ చేశానంటాడు. ముంబైలో అపర్ణా హెగ్డే స్థాపించిన అర్మాన్ సంస్థ తల్లులకు సలహాలు చెప్పే తన ఎంమిత్ర కాల్స్‌కు ఏ వేళ అనుకూలమో తల్లినే ఎంచుకోనివ్వడం చూస్తే ఇది కష్టమైన పనేమీ కాదనిపిస్తుంది. కాల్స్ ఎత్తడం మానేస్తున్న తల్లులను ముందుగా గుర్తించేందుకు ఆ సంస్థ కృత్రిమ మేధను వాడుతోంది. అలా గుర్తించాక వారితో మాట్లాడేది మళ్లీ ఒక మనిషే కావడం నాకు నచ్చింది.

ఆఫ్రికాలోని మలావీ దేశం ఇంకో దారి చూపింది. అక్కడ 2011లో మొదలైన 'చిపటాలా చా పా ఫోని', అంటే ఫోన్‌లో ఆస్పత్రి అన్న సేవలో తల్లులే కాల్ చేసి శిక్షణ పొందిన సిబ్బందితో మాట్లాడతారు. సొంత ఫోన్ లేని తల్లుల కోసం గ్రామ వాలంటీర్లకు ఫోన్లు ఇచ్చారు. ఫోన్ లేని తల్లి లెక్కలోంచి జారిపోకుండా పథకం మొదట్లోనే జాగ్రత్తపడ్డారన్నమాట. ఫోన్ లేనివారే అన్నిటికంటే ఎక్కువ ప్రమాదంలో ఉంటారని గ్రహిస్తే ఈ ఏర్పాటు విలువ తెలుస్తుంది.

ఉమ్మడి ఫోన్ వల్ల వచ్చే మరో ఇబ్బందిని కూడా ప్రస్తావించాలి. గర్భం విషయం ఇంట్లో ఇంకా చెప్పని అమ్మాయికి, కాన్పుల మధ్య ఎడం పాటించడానికి సలహా అడిగిన తల్లికి, హెచ్ఐవీ పరీక్ష చేయించుకున్న గర్భిణికి వచ్చే సందేశం తెర మీద అందరికీ కనిపిస్తే అది ఆమెకు మేలు చేయకపోగా కీడు చేయవచ్చు. నమోదు చేసేటప్పుడే, ఈ నంబరు ఇంకెవరు చూస్తారమ్మా అని ఒక్క మాట అడగడానికి డబ్బు ఖర్చు కాదు.

ఇప్పుడు నాకు అన్నిటికంటే దగ్గరి విషయానికి వస్తాను. ఫోన్ పథకం ఏదైనా చివరికి ఆనుకునేది క్షేత్రస్థాయి ఆరోగ్య కార్యకర్త భుజం మీదే. ఆమె ఒడిలో రిజిస్టరు, చేతిలో ఫోన్, ఎదురుగా పరీక్ష కోసం చేయి చాచిన గర్భిణి. బీపీ చూసి మొదట రిజిస్టరులో రాస్తుంది. తరువాత అదే అంకెను యాప్‌లో ఎక్కిస్తుంది. సిగ్నల్ లేకపోతే పంపడం ఆగిపోయి, రాత్రి ఇంటికెళ్లాక మళ్లీ కూర్చుంటుంది. యాప్ వచ్చినప్పుడు రాత పని తగ్గుతుందని ఆమెకు చెప్పారు. రాత పని తగ్గలేదు, టైపు చేసే పని అదనంగా చేరింది. ఒకే వివరాన్ని రెండుసార్లు నింపించే పద్ధతి ఉన్నంతకాలం ఆమె గర్భిణి ముఖం చూసే సమయం తగ్గుతూనే ఉంటుంది. కాళ్ల వాపు కనిపించేది ముఖం ఎత్తి చూసినవారికి, "ఇంట్లో అంతా బాగానే ఉందా" అని అడిగినవారికి.

అదే ఫోన్ ఆమెకు నిజంగా సాయపడిన సందర్భం కూడా చెప్పకపోతే అన్యాయమవుతుంది. నవజాత శిశువు ఊపిరి నిమిషానికి 60 సార్లు లేదా అంతకు మించి ఉంటే అది ప్రమాద సూచన. పసిబిడ్డ ఊపిరి ఒక తీరున ఉండదు. గబగబా నాలుగు పీల్చి, కాసేపు ఆగి, మళ్లీ మొదలవుతుంది. గోడ గడియారం చూస్తూ, బిడ్డ పొట్ట చూస్తూ లెక్కపెడితే 50 దగ్గరో 55 దగ్గరో లెక్క తప్పుతుంది. కొత్తగా చేరిన కార్యకర్త ఒకామె నా ఎదుటే, బిడ్డ చొక్కా పైకి తీసి, పొట్ట లేచిన ప్రతిసారీ ఫోన్ తెర మీద వేలితో తట్టింది. నిమిషం పూర్తవగానే తెర మీద 68 అని పడింది. బిడ్డ నిద్రపోతున్నట్టే ఉంది, ఒళ్లు వెచ్చగా కూడా లేదు, తల్లికి ఏ అనుమానమూ రాలేదు. ఆమె మళ్లీ ఒకసారి లెక్కపెట్టి, అంతే వచ్చాక, నాతో వాదన పెట్టుకోకుండానే రెఫరల్ చీటీ రాసేసింది. ఆ రోజు పొరపాటు పడబోయినది అనుభవం ఎక్కువున్న నేనే. ఫోన్ ఇలా పనిచేసే వారి చేతికి పనిముట్టుగా ఉన్నప్పుడు నాకు దానిపై ఎలాంటి ఫిర్యాదూ లేదు.

తల్లి మాట వినే ఏర్పాటు అసాధ్యమని చెప్పేవారికి దక్షిణాఫ్రికా సమాధానం. అక్కడి ప్రభుత్వం 2014 ఆగస్టులో ప్రారంభించిన మామ్‌కనెక్ట్ పథకంలో మామూలు ఫోన్ నుంచే గర్భిణి పేరు నమోదవుతుంది. సందేశాలు దేశంలో అప్పటికున్న 11 అధికార భాషల్లో సిద్ధం చేశారు. వీటికంటే ముఖ్యమైంది హెల్ప్‌డెస్క్. తల్లి ప్రశ్న అడగవచ్చు, ఆరోగ్య కేంద్రంలో తనను ఎలా చూశారో చెప్పవచ్చు, ఫిర్యాదూ చేయవచ్చు, మెచ్చుకోనూ వచ్చు. బిడ్డను కోల్పోయిన తల్లి ఆ విషయం తెలియజేస్తే మామూలు సందేశాలు ఆగిపోయి, ఆ దుఃఖంలో అవసరమయ్యే మాటలే వెళతాయి. ఆ వివరం చదివినప్పుడు నా బల్ల ముందు కూర్చున్న ఆ తల్లి తలపుకు వచ్చి చాలాసేపు ఊరకే ఉండిపోయాను.

రువాండాలో 2009లో ఒక జిల్లాలో మొదలై దేశమంతా పాకిన రాపిడ్ ఎస్ఎంఎస్ పద్ధతి రెండో, మూడో ఆలస్యాలను కూడా తాకింది. గ్రామ ఆరోగ్య కార్యకర్త గర్భిణిలో ప్రమాద సూచన చూసి చిన్న కోడ్‌తో సందేశం పంపితే అది హెచ్చరికగా ఆరోగ్య కేంద్రానికి చేరుతుంది, అంబులెన్స్ కోసం కబురు వెళుతుంది. ఖరీదైన ఫోన్ అక్కరలేదు, ఇంటర్నెట్ అక్కరలేదు. కావలసిందల్లా అటువైపు ఆ సందేశం చూసి లేచే మనిషి, తాళాలు చేతిలో ఉన్న డ్రైవరు, సిద్ధంగా ఉన్న కాన్పు గది.

మూడో ఆలస్యంలో ఫోన్‌కు ఉన్న పాత్రను మనం తక్కువగా చూస్తున్నాం. కాన్పు తరువాతి రక్తస్రావాన్ని ఆపే ఆక్సిటోసిన్ ఇంజెక్షన్ 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉండాలి. ఫ్రిజ్ పాడైనా, నిల్వ అడుగంటినా ఆ రోజే ఫోన్ ద్వారా పైకి తెలిసే ఏర్పాటు ఉంటే, ఆ ఇంజెక్షన్ అవసరమైన రాత్రి అది లేదన్న మాట వినాల్సిన దుస్థితి తగ్గుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో వెలువరించిన డిజిటల్ ఆరోగ్య మార్గదర్శకాల్లో మందుల నిల్వ సమాచారాన్ని ఫోన్ ద్వారా తెలపడం కూడా ఒక సిఫార్సు. ఆరోగ్య వ్యవస్థ చేయాల్సిన పనికి ఈ సాధనాలు ప్రత్యామ్నాయం కావని అదే పత్రం స్పష్టంగా చెప్పింది. వార్డులో నర్సుల ఖాళీలు నింపకుండా యాప్‌లు కొనే అధికారులు ఆ వాక్యాన్ని కూడా చదివితే బాగుంటుంది.

అందువల్ల పత్రికల వారికి నాదొక విన్నపం. ఇకపై ఇలాంటి పథకం గురించి ఎవరైనా అంకెలు ఇచ్చినప్పుడు పంపిన సందేశాల సంఖ్య రాసి ఊరుకోకండి. వాటిలో ఎన్ని కాల్స్‌ను తల్లి స్వయంగా ఎత్తింది, ఎన్నింటిని చివరిదాకా విన్నది, ఎంతమంది తిరిగి ప్రశ్న అడిగారు, ఎన్ని గంటల్లో జవాబు వచ్చింది, ప్రమాద సూచన చెప్పినవారిలో ఎంతమంది ఆస్పత్రికి చేరారు, ఫోన్ లేని గర్భిణుల సంగతి ఏం చేశారు, కాల్స్ ఆపమని చెప్పడానికి ఏ నంబరు ఉంది అని అడగండి. ఈ ప్రశ్నలకు జవాబు లేకపోతే, లేదనే రాయండి.

ఆ తల్లి విషయంలో కాల్స్ ఎలా ఆగాయో చెప్పి ముగిస్తాను. ఎవరికి చెప్పాలో మాకెవరికీ తెలియలేదు కనుక, ఆమె భర్త సిమ్ తీసి పారేసి కొత్తది తెచ్చాడు. రెండేళ్ల తరువాత ఆమె మళ్లీ గర్భం దాల్చి, కొత్త నంబరుతో, తొలి కాన్పు అన్నట్టుగా నమోదైంది. మొదటిసారి బీపీ ఎంత వరకు పెరిగిందో, ఏ మందులు వాడారో, అన్నీ పాత నంబరు కిందే ఉండిపోయాయి. ఆమెను గుర్తుపట్టి, వెనక్కి పిలిచి, బీపీ పట్టీ చేతికి చుట్టింది ఆ రోజు అనుకోకుండా అక్కడ డ్యూటీలో ఉన్న నేను.

ఇట్లు,
ఒక విశ్రాంత స్టాఫ్ నర్సు